శరణార్థుల శాస్త్రం, శరణు ధర్మం

ప్రాణభయంతో ఇల్లూవాకిలీ విడిచి పరాయి నేలకు చేరిన మనిషిని గురించి ఈనాడు ఒక ప్రత్యేక శాస్త్రమే ఏర్పడింది. దానికి విశ్వవిద్యాలయాలలో పీఠాలున్నాయి, పత్రికలున్నాయి, పట్టాలున్నాయి. 2024 చివరినాటికి బలవంతాన ఇల్లు విడిచినవారు ప్రపంచంలో 12 కోట్ల 32 లక్షలమంది ఉన్నారని ఐక్యరాజ్యసమితి శరణార్థుల హైకమిషనర్ కార్యాలయం లెక్కగట్టింది. వీరిలో 7 కోట్ల 35 లక్షలమంది స్వదేశపు సరిహద్దు దాటనివారే. దాటినవారిలోనూ నూటికి 73 మంది అల్పాదాయ, మధ్యాదాయ దేశాలలోనే తలదాచుకున్నారు. ఆ ఏడాది అందరికంటే ఎక్కువమంది శరణార్థులకు చోటిచ్చిన దేశాలలో ఇరాన్, టర్కీ ముందు వరుసలో నిలిచాయి. జనం పెద్ద సంఖ్యలో విడిచిపోయిన దేశాలలో ఆఫ్ఘనిస్తాన్, సిరియా, సూడాన్ ఉన్నాయి. అంటే ఇల్లు విడిచేవారిలోనూ, ఇల్లు ఇచ్చేవారిలోనూ ముస్లింల భాగం చాలా పెద్దదన్నమాట.

ఇంత పెద్ద సమస్యను గురించి రెండు రకాల సాహిత్యం పెరిగింది. ఒకటి పాశ్చాత్య విశ్వవిద్యాలయాలలో పుట్టిన శరణార్థి అధ్యయనం. రెండవది ఇస్లాంలో శరణు హక్కును గురించి ముస్లిం విద్వాంసులు రాసిన గ్రంథాల వరుస. మొదటిది శరణార్థిని పరిశోధన వస్తువుగా చూసింది. రెండవది శరణార్థిని ధర్మశాస్త్రంలోని ఒక అధ్యాయంగా చూసింది. ఇవి పక్కపక్కనే పెరిగాయి గాని, ఒకదానినొకటి గట్టిగా నిలదీసిన సందర్భాలు తక్కువ. అందువల్ల రెంటికీ నష్టం జరిగింది. అంతకంటే ఎక్కువ నష్టం శరణార్థికి జరిగింది.

రుద్దిన సహాయం

1951 నాటి శరణార్థుల ఒడంబడిక ఐరోపా యుద్ధం మిగిల్చిన జనాన్ని దృష్టిలో పెట్టుకొని రాసింది. 1951 జనవరి 1కి ముందు జరిగిన సంఘటనలకే అది వర్తించేది. ఆ గడువును తొలగించింది 1967 నాటి ప్రోటోకాల్. అంతకుముందే 1947లో ఉపఖండంలో కోటికి పైగా జనం సరిహద్దులు దాటారు. వారిని ఆ ఒడంబడిక తన పరిధిలోకి తీసుకోలేదు. 1948లో పాలస్తీనా విడిచిన జనానికి వేరే సంస్థ ఉన్నదన్న కారణంతో వారినీ అది పక్కన ఉంచింది. చట్టం ఎవరిని పక్కన పెట్టిందో, చాలాకాలం పాటు పరిశోధన కూడా వారిని పక్కనే పెట్టింది. ఈ శాస్త్ర చరిత్రను చదివేవారు మొదట గుర్తుంచుకోవలసిన విషయమిది.

శాస్త్రంగా దీని ఆరంభాన్ని సాధారణంగా 1982తో లెక్కిస్తారు. ఆ ఏట మానవశాస్త్రవేత్త బార్బరా హారెల్-బాండ్ ఆక్స్‌ఫర్డ్‌లో శరణార్థి అధ్యయన కార్యక్రమాన్ని నెలకొల్పింది. 1988లో 'జర్నల్ ఆఫ్ రెఫ్యూజీ స్టడీస్' వెలువడింది. ఈ రెంటి నడుమ 1986లో వచ్చిన ఆమె గ్రంథం 'ఇంపోజింగ్ ఎయిడ్' ఈ రంగానికి పునాదిరాయి వంటిది. ఆ పేరుకు 'రుద్దిన సహాయం' అని అర్థం చెప్పుకోవచ్చు. ఈదీ అమీన్ పతనం తరువాత ఉగాండా నుంచి దక్షిణ సూడాన్‌లోని యేయి నదీ ప్రాంతానికి చేరిన జనాన్ని ఆమె పరిశీలించింది. ప్రశ్నలడగడానికి శరణార్థులనే వెంట తీసుకుంది.

ఆమె చెప్పినదేమిటి? సహాయ సంస్థలు శిబిరంలో ఉన్నవారినే శరణార్థులుగా లెక్కించాయి. శిబిరానికి రాకుండా సూడాన్ పల్లెలలో, రైతుల పక్కన, తమ రెక్కల మీద బతికినవారు వాటి కంటికి ఆనలేదు. శిబిరంలోని మనిషిని నిస్సహాయుడని ముందే అనుకొన్నారు. అతనికేం కావాలో అతన్ని అడగలేదు. తరువాత అతను పరాధీనుడైపోయాడని అతన్నే నిందించారు. పెట్టే చేతికి లెక్క అడిగేవారు లేరు. తీసుకొనే చేతిని మాత్రం ప్రతిరోజూ లెక్కపెట్టారు. సహాయాన్ని జాలిగా గాక అధికారంగా చూపించిన మొదటి పెద్ద అధ్యయనం ఇదేనని చెబితే అతిశయోక్తి కాదు.

అయితే ఆ గ్రంథంలో ఒక ఆశ దాగి ఉంది. సంస్థలకు నిజం తెలియదు గనుక తప్పు చేస్తున్నాయి, మంచి పరిశోధన ముందుంచితే దిద్దుకుంటాయి అన్నదే ఆ ఆశ. పందొమ్మిదేళ్ల తరువాత 2005లో గులియెల్మో వెర్దిరామెతో కలిసి ఆమె రాసిన 'రైట్స్ ఇన్ ఎగ్జైల్' చూస్తే ఆ ఆశ సన్నగిల్లినట్లు తెలుస్తుంది. కెన్యా, ఉగాండాలలో శరణార్థుల హక్కులకు కలిగిన భంగంలో, వారిని కాపాడవలసిన సంస్థలకే చేతులున్నాయని ఆ గ్రంథం వాదించింది. తెలియక జరిగిన తప్పుకు పరిశోధన మందు కావచ్చు. తెలిసి జరిగే తప్పుకు అది మందు కాదు. ఈ రెంటి నడుమ తేడాను ఆమె తన జీవితకాలంలోనే చూసింది. 2018లో ఆమె మరణించింది. ఆమె స్థాపించిన శాస్త్రం ఈ తేడాను పూర్తిగా జీర్ణించుకుందని చెప్పడం కష్టం.

పేరు పెట్టేవాడి పెత్తనం

ఆ తరువాత వచ్చిన రచనలలో మూడింటిని ప్రత్యేకించి చెప్పుకోవాలి. రోజర్ జెట్టర్ 1991లో రాసిన వ్యాసం 'శరణార్థి' అన్న పేరును గురించి. 1974లో సైప్రస్‌లో ఇల్లు కోల్పోయిన గ్రీకు జనాన్ని చూసి, ఆ పేరు ఒక మనిషి స్థితిని వర్ణించే మాట మాత్రమే కాదనీ, కార్యాలయాలు తమ సౌకర్యం కోసం తయారుచేసే అచ్చు అనీ ఆయన చూపాడు. అచ్చులో ఇమిడినవాడికి ఇల్లు దొరుకుతుంది, ఇమడనివాడికి దొరకదు. ఇల్లు దొరికినవాడు కూడా ఆ అచ్చునుంచి బయటపడలేడు.

లీసా మాల్కి 1995లో వెలువరించిన 'ప్యూరిటీ అండ్ ఎగ్జైల్' ఇదే విషయాన్ని మరో కోణంలో చూపింది. 1972లో బురుండీ మారణకాండ నుంచి పారిపోయి టాంజానియా చేరిన హుటు జనంలో కొందరు మిషామో శిబిరంలో ఉండిపోయారు, మరికొందరు కిగోమా పట్టణంలో కలిసిపోయారు. శిబిరవాసులు తమ గతాన్ని ఒక జాతి పురాణంగా మలచుకొని, తిరిగి వెళ్లే రోజుకోసం జీవించారు. పట్టణవాసులు అవసరాన్ని బట్టి పేర్లు మార్చుకొని, పదిమందిలో ఒకరుగా బతికారు. ఒకే జనం, ఒకే విపత్తు. ఉంచిన చోటును బట్టి మనుషులు తమను తాము అర్థం చేసుకొనే తీరే మారింది. శిబిరం తలపై కప్పు మాత్రమే కాదు, అది మనసును కూడా కట్టే గోడ అని ఈ గ్రంథం నిరూపించింది.

మూడవది ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయపు న్యాయశాస్త్ర పండితుడు బి. ఎస్. చిమ్ని 1998లో రాసిన వ్యాసం. శరణార్థి అధ్యయనం వెనుక ఉన్న ప్రపంచ రాజకీయాన్ని దక్షిణ దేశాల వైపునుంచి చూసిన రచన ఇది. చిమ్ని వాదం సూటిగా ఉంటుంది. కమ్యూనిస్టు దేశాలనుంచి పారిపోయి వచ్చినవాడు పాశ్చాత్య రాజ్యాలకు గెలుపు గుర్తు. అందుచేత అతనికి తలుపులు తెరిచారు. ప్రచ్ఛన్న యుద్ధం ముగిసింది. ఆసియా, ఆఫ్రికాలనుంచి వచ్చేవాడు వేరే రకం శరణార్థి అన్న సిద్ధాంతం అప్పుడు బలపడింది. అతని కష్టానికి కారణం అతని దేశపు లోపలి కలహాలేనని చెప్పడం మొదలైంది. బయటివారి ఆయుధాలు, అప్పులు, యుద్ధాలు ఆ చిత్రంలోంచి తప్పుకున్నాయి. దానితో మందు కూడా మారింది. ఆశ్రయమివ్వడం పోయి, ఉన్నచోటనే ఆపడం, వీలైనంత త్వరగా వెనక్కి పంపడం మేలైన విధానాలైనాయి. ఈ మార్పుకు పరిశోధకులు తెలిసో తెలియకో మాటలు సమకూర్చారని చిమ్ని ఆరోపణ. 2009లో రాసిన మరో వ్యాసంలో, 'శరణార్థి అధ్యయనం' కాస్తా 'బలవంతపు వలస అధ్యయనం'గా పేరు మార్చుకోవడాన్ని కూడా ఆయన అనుమానంతోనే చూశాడు. వలస అనగానే శరణు హక్కు పలచబడుతుందన్నది ఆయన భయం.

చిమ్ని విమర్శలో బలముంది. కాని దానికొక హద్దూ ఉంది. ఉత్తర దేశాల కపటాన్ని ఎండగట్టినంత పదునుగా దక్షిణ దేశాల ప్రభుత్వాల బాధ్యతను ఆ వ్యాసం పట్టుకోదు. బయటివారి చేయి ఉన్నమాట నిజమే. ఆ చేతికి తలుపు తీసినవారు ఇంట్లోనూ ఉన్నారు. 1982 నాటి పౌరసత్వ చట్టంతో రోహింగ్యాలను పరాయివారుగా మార్చింది బర్మా సైనిక ప్రభుత్వమే. 2017 ఆగస్టు తరువాత ఏడు లక్షలకు పైగా జనం బంగ్లాదేశ్‌కు పరుగెత్తవలసి వచ్చింది దాని పర్యవసానంగానే. ఈ రెండు వైపులనూ ఒకే తక్కెడలో తూచే పని ఇంకా మిగిలే ఉంది.

పరిశోధకుల పద్ధతులమీద కూడా లోపలినుంచే విమర్శ వచ్చింది. పాండిత్యానికీ, విధానాలను ప్రభావితం చేయాలన్న కోరికకూ మధ్య నలిగి రెంటికీ న్యాయం చేయలేని రచనలు ఎక్కువని 2003లో కరెన్ జేకబ్‌సెన్, లోరెన్ లాండౌ హెచ్చరించారు. లెబనాన్‌లోని షతీలా శిబిరాన్ని గురించి 2013లో మైసూన్ సుకారియె, స్టువర్ట్ టనాక్ రాసిన వ్యాసం మరింత చేదు నిజం చెప్పింది. అక్కడి పాలస్తీనీయులను అడిగినవారే మళ్లీ మళ్లీ అడిగారు. జవాబులు చెప్పి చెప్పి జనం విసిగిపోయారు. వచ్చినవారికి పట్టాలు దక్కాయి. చెప్పినవారి గోడ చెమ్మ మాత్రం అలాగే ఉంది.

ఇక్కడే ఆక్స్‌ఫర్డ్‌తో మొదలయ్యే చరిత్ర ఎంత అసంపూర్ణమో తెలుస్తుంది. పాలస్తీనా అధ్యయనాల సంస్థ బేరూత్‌లో 1963లోనే ఏర్పడింది. లెబనాన్ శిబిరాలలో జనం నోట విన్న జ్ఞాపకాలతో రోజ్‌మేరీ సాయిగ్ రాసిన 'పాలస్తీనియన్స్: ఫ్రమ్ పెజెంట్స్ టు రెవల్యూషనరీస్' 1979లో వచ్చింది. ఆ గ్రంథంలో శరణార్థి చేయి చాచి నిలబడిన మనిషి కాడు. తనకొక ఊరుంది, పొలముంది, తనకు జరిగినదాన్ని గురించి తనకొక విశ్లేషణ ఉంది. శాస్త్రం పుట్టకముందే శరణార్థి గొంతు ఉంది. శాస్త్రం దాన్ని ఆలస్యంగా విన్నది.

పోలికల గ్రంథాలు

ఇక ఇస్లామీయ సాహిత్యం సంగతి. ఈ కోవలో అందరూ ఎత్తిచూపే గ్రంథం కైరో విశ్వవిద్యాలయ న్యాయశాస్త్రాచార్యుడు అహ్మద్ అబూ అల్-వఫా రచన. ఇస్లామీయ షరీఅత్‌కూ అంతర్జాతీయ శరణార్థి చట్టానికీ నడుమ శరణు హక్కును పోల్చిన ఈ గ్రంథాన్ని 2009లో శరణార్థుల హైకమిషనర్ కార్యాలయం, రియాద్‌లోని నాయిఫ్ అరబ్ విశ్వవిద్యాలయం తోడ్పాటుతో వెలువరించింది. అప్పటి హైకమిషనర్ ఆంటోనియో గుటెరస్ ముందుమాట రాసి, ఆధునిక శరణార్థి చట్టపు మూలాలలో ఇస్లామీయ సంప్రదాయానికి చాలా ఉన్నతమైన స్థానమిచ్చాడు.

గ్రంథం చేసిన మేలును ముందు చెప్పాలి. అమాన్, జివార్, ముస్తఅమిన్ వంటి భావనలను నేటి న్యాయవాదికి అర్థమయ్యే క్రమంలో పేర్చింది. శరణు కోరిన బహుదైవారాధకునికి కూడా రక్షణ ఇచ్చి, అతనికి భద్రమైన చోటికి చేర్చాలని తౌబా సూరా 6వ ఆయత్ విధించిన బాధ్యత నేటి చట్టంలోని 'తిప్పి పంపరాదు' అన్న నియమంకంటే ఒక అడుగు ముందున్నదే. చట్టం వెనక్కి నెట్టవద్దంటుంది. ఆయత్ ముందుకు నడిపించమంటుంది. అదీ యుద్ధం నడుమ, శత్రువర్గపు మనిషి విషయంలో! శరణుకు మతం షరతు కాదన్న విషయం ఇంతకంటే స్పష్టంగా చెప్పడం సాధ్యం కాదు.

అయితే ఈ గ్రంథపు పద్ధతిలోనే ఒక లోపముంది. 1951 ఒడంబడికను కొలబద్దగా పెట్టుకొని, దానిలోని ఒక్కొక్క నియమానికి సరితూగే ఆధారం షరీఅత్‌లో ఉన్నదని చూపడమే ఇందులో ప్రధానంగా జరిగింది. 'మాకూ ఉంది, ముందే ఉంది' అన్న నిరూపణతో ఆ ప్రయాణం ఆగిపోతుంది. ఈ తీరుతో రెండు చిక్కులున్నాయి. ఒకటి, ఒడంబడికలో లేనిది షరీఅత్‌లో ఏమున్నదో అడగడానికి అవకాశం ఉండదు. రెండు, ఇంత గొప్ప నియమం ఉండగా ముస్లిం రాజ్యాల ఆచరణ ఎందుకు భిన్నంగా ఉన్నదన్న ప్రశ్న గడప దాటి లోపలికి రాదు.

ఆ ఆచరణ ఎలా ఉంది? సౌదీ అరేబియా, జోర్డాన్, లెబనాన్, ఇరాక్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, మలేషియా, ఇండోనేషియా 1951 ఒడంబడికలో చేరలేదు. ఇస్లామీయ మానవ హక్కులపై 1990లో వెలువడిన కైరో ప్రకటన 12వ అధికరణంలో శరణు హక్కును గుర్తించింది. కాని అది ప్రకటనే. అమలుచేసే యంత్రాంగం లేదు. 1994లో అరబ్ లీగ్ శరణార్థుల స్థితిని క్రమబద్ధం చేసే ఒడంబడికను ఆమోదించింది. అది ఇంతవరకు అమలులోకి రాలేదు. దశాబ్దాలపాటు లక్షలాది ఆఫ్ఘన్‌లకు చోటిచ్చిన పాకిస్తాన్, 2023 అక్టోబరులో పత్రాలు లేనివారు నెలలోగా వెళ్లిపోవాలని ఉత్తర్వు చేసింది. వారిలో ఆ నేలమీదనే పుట్టిన పిల్లలున్నారు. లెబనాన్‌లో నాలుగవ తరం పాలస్తీనీయునికి కూడా అనేక వృత్తులు నిషిద్ధమే.

న్యాయం కోసం రెండవ పక్షం కూడా చెప్పాలి. ఒడంబడికలో సంతకం పెట్టిన అనేక ధనిక దేశాలకంటే, సంతకం పెట్టని జోర్డాన్, లెబనాన్‌లు తమ జనాభాతో పోలిస్తే ఎన్నో రెట్లు ఎక్కువమందికి చోటిచ్చాయి. సంతకం వేరు, చోటు వేరు. కాని చోటు దయగా ఇచ్చినంతకాలం దాన్ని దయగానే వెనక్కి తీసుకోవచ్చు. హక్కుగా ఇచ్చినదాన్ని అలా తీసుకోలేరు. 'షరీఅత్‌లో శరణు హక్కు' అని పేరుపెట్టుకున్న గ్రంథాలు అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే. అదే వాటిలో బలహీనంగా ఉంది.

పోలికకు అందనివి

పోలికల పద్ధతి వదిలి, మూలగాథలను శరణార్థి అధ్యయనం లేవనెత్తిన ప్రశ్నలతో చదివితే కొత్త విషయాలు తెలుస్తాయి. నాలుగింటిని మాత్రం చూడవచ్చు.

మొదటిది అబిసీనియా. 615 ప్రాంతంలో మక్కా హింసలు భరించలేక ముస్లింలు క్రైస్తవ రాజు నజాషీ ఆశ్రయం కోరారు. వారిని అప్పగించమని ఖురైషులు కానుకలతో దూతలను పంపారు. ఆస్థానంలోని పెద్దలు అప్పగించవచ్చుననే అభిప్రాయపడ్డారు. నజాషీ మాత్రం శరణు కోరినవారి మాట వినకుండా తీర్పు చెప్పనన్నాడు. హజ్రత్ జాఫర్ బిన్ అబీ తాలిబ్ (రజి) నిలబడి తమ సంగతి తామే చెప్పుకున్నారు. ఆ తరువాతనే నిర్ణయం జరిగింది. ఈ గాథను ముస్లింలందరూ ఎరుగుదురు. అయితే దీనిని రాజు ఔదార్యానికి ఉదాహరణగానే చెబుతారు. ఇందులో ఒక న్యాయప్రక్రియ ఉందన్నది మరుగున పడుతుంది: ఫిర్యాదు వచ్చింది, రెండవ పక్షానికి పిలుపు వెళ్లింది, విచారణ జరిగింది, ఆపైనే తీర్పు. శరణార్థిని అడగకుండా శరణార్థిని గురించి నిర్ణయించరాదన్నది హారెల్-బాండ్ గ్రంథపు సారాంశం. ఆ సారాంశం అబిసీనియా ఆస్థానంలోనే ఉంది.

రెండవది మదీనా. హిజ్రత్ తరువాత దైవప్రవక్త (స) ముహాజిర్లకూ అన్సార్లకూ నడుమ సోదర బంధం ఏర్పరచారు. హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇవ్వజూపితే, హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) దీవించి, బజారుకు దారి చూపితే చాలన్నారు. ఆశ్రితుడు అడిగింది భిక్ష కాదు, పనిచేసుకొనే వీలు. 2017లో అలెగ్జాండర్ బెట్స్, పాల్ కాలియర్ రాసిన 'రెఫ్యూజ్' అన్న గ్రంథం కూడా పని హక్కునే పరిష్కారంగా చూపింది. 2016లో జోర్డాన్ సిరియా శరణార్థులకు రెండు లక్షల పని అనుమతులు ఇవ్వడానికి ఒప్పుకున్న ఏర్పాటు వెనుక ఉన్నది ఇటువంటి ఆలోచనే. పైకి రెండూ ఒకటిగా కనిపిస్తాయి. కాని అబ్దుర్రహ్మాన్ (రజి) అడుగుపెట్టిన బజారులో ఆయన తన సరుకుకు తానే యజమాని. నేటి పథకాలలో శరణార్థి నిర్ణీతమైన వృత్తులలో, నిర్ణీతమైన చోట, అనుమతి కాగితం ఉన్నంతకాలం పనిచేసే కూలి. బజారు ఉన్నంతమాత్రాన స్వేచ్ఛ ఉన్నట్లు కాదు. ఇక సోదర బంధం వల్ల మొదట్లో కలిగిన వారసత్వ హక్కు తరువాత రద్దయింది. ఆపత్కాలపు ఏర్పాటు ఆపదతోనే ముగిసింది. ముహాజిర్ అన్నది గౌరవనామంగా మిగిలింది గాని, తరతరాలకు హక్కులు తగ్గించే ముద్రగా మారలేదు. జెట్టర్ చెప్పిన 'అచ్చు'కు ఇది సరైన ఎదురు ఉదాహరణ.

మూడవది ఉమ్మె హానీ (రజి) గాథ. మక్కా విజయం నాడు ఆమె తన ఇంట ఆశ్రయమిచ్చినవారిని చంపబోగా, ఆమె దైవప్రవక్త (స)కు విన్నవించుకున్నారు. ఆమె ఇచ్చిన శరణును ఆయన నిలబెట్టారు. ఒక వ్యక్తి, అందులోనూ ఒక స్త్రీ, ఇచ్చిన అభయం మొత్తం సమాజాన్ని బంధిస్తుందన్న సూత్రాన్ని ఫుఖహాలు దీనినుంచే బలపరిచారు. నేటి చట్టంలో శరణు ఇవ్వడం రాజ్యపు అధికారం. పౌరుడు ఇచ్చిన ఆశ్రయానికి విలువ లేదు. కొన్నిచోట్ల అది నేరం కూడా. 1979లో ఇండోచైనా శరణార్థులకోసం కెనడా పౌరబృందాలను పెద్ద ఎత్తున హామీదారులుగా అంగీకరించడం దీనికి దగ్గరగా వచ్చే అరుదైన ఉదాహరణ. 1951 ఒడంబడికను కొలబద్దగా పెట్టుకున్నవారికి ఈ సూత్రపు పూర్తి విలువ కనబడదు. కారణం, ఆ కొలబద్దమీద దీనికి గీతే లేదు.

నాలుగవది అన్నిటికంటే లోతైనది. నిసా సూరా 97 నుంచి 100 వరకు ఉన్న ఆయత్‌లు వలస వెళ్లగలిగి కూడా అణచివేతలో ఉండిపోయినవారిని ప్రశ్నిస్తాయి. వెంటనే, ఏ ఉపాయమూ దారీ లేని పురుషులను, స్త్రీలను, పిల్లలను వేరుచేసి వారిపట్ల కరుణ చూపుతాయి. ఆధునిక చట్టం సరిహద్దు దాటినవాడిని మాత్రమే శరణార్థి అంటుంది. కదలలేని ముసలివాడు, దారి ఖర్చు లేని తల్లి, తుపాకుల నడుమ చిక్కిన పిల్లవాడు చాలాకాలం ఆ నిర్వచనానికి బయటే ఉండిపోయారు. స్వదేశంలోనే నిర్వాసితులైనవారి కోసం ఐక్యరాజ్యసమితి మార్గదర్శక సూత్రాలు వెలువడింది 1998లో. అవి కూడా ఇల్లు కదిలినవారికే. అసలు కదలలేనివారిని ఒక తరగతిగా చూడడం పరిశోధకులు ఇటీవలనే నేర్చుకుంటున్నారు. 'ముస్తద్అఫీన్' అన్న మాటలో ఆ తరగతి ఎప్పుడో ఉంది. షరీఅత్ పేరుతో రాసినవారు దీన్ని సిద్ధాంతంగా పెంచి ఉంటే శరణార్థి శాస్త్రానికి ఒక కొత్త అధ్యాయం చేరి ఉండేది.

దగ్గరి నేల, దూరపు పుస్తకం

ఈ రెండు సాహిత్యాలూ కలవవలసిన చోట ఒక హైదరాబాదీ నిలబడి ఉన్నాడు. 1908లో హైదరాబాదులో పుట్టి, ఉస్మానియాలో చదివిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ ముస్లిం అంతర్జాతీయ న్యాయాన్ని 'ముస్లిం కాండక్ట్ ఆఫ్ స్టేట్'లో శాస్త్రీయంగా వివరించిన తొలి ఆధునికులలో ఒకరు. 1948లో హైదరాబాదు సమస్యను ఐక్యరాజ్యసమితి ముందుంచడానికి వెళ్లిన బృందంలో ఆయన ఉన్నారు. ఆ సెప్టెంబరులో రాజ్యమే లేకుండా పోయింది. ఆయన పారిస్‌లో ఉండిపోయి, దశాబ్దాలపాటు ఏ దేశపు పౌరసత్వమూ లేకుండా శరణార్థిగానే జీవించి, 2002లో అమెరికాలో కన్నుమూశారు. అమాన్ గురించి రాసిన చేయి, తనే ఆశ్రితుడి పత్రం పట్టుకొని తిరిగింది. శరణార్థి శాస్త్ర వాఙ్మయంలో ఈయనకు తగిన చోటు దొరకలేదు. ఇస్లామీయ గ్రంథాలు ఆయన పాండిత్యాన్ని ఉదహరిస్తాయి గాని, ఆయన స్థితిని ప్రశ్నగా తీసుకోవు.

ఆ 1948లోనే జిల్లాలనుంచి ప్రాణభయంతో హైదరాబాదు నగరానికి చేరిన ముస్లిం కుటుంబాల సంగతి ఇంకా తక్కువగా నమోదైంది. సరిహద్దు దాటలేదు గనుక వారు ఏ నిర్వచనంలోనూ లేరు. టేలర్ షెర్మన్ 2015లో వెలువరించిన హైదరాబాదు ముస్లింల పౌరసత్వ చరిత్ర ఈ దిశగా ఒక ముఖ్యమైన అడుగు. దానికి ముందు 2007లో వజీరా జమీందార్ 'ది లాంగ్ పార్టిషన్' రాసింది. విభజన 1947 ఆగస్టుతో ముగియలేదనీ, 1948 జూలైలో వచ్చిన పర్మిట్ పద్ధతి, కాందిశీకుల ఆస్తి చట్టాల ద్వారా ఏళ్లతరబడి సాగిందనీ ఆమె చూపింది. పాకిస్తాన్‌నుంచి ఇంటికి తిరిగి రాదలచిన ముస్లింకు తన ఊరే విదేశమైన కథ అది. ఈ రెండు గ్రంథాలూ శరణార్థి శాస్త్రపు సాధారణ పాఠ్యాలలో చేరడం అవసరం. ఎందుకంటే శరణార్థి దారిలోనే కాదు, కార్యాలయపు బల్లమీద కూడా తయారవుతాడని ఇవి నిరూపిస్తాయి.

హైదరాబాదు శివారు బాలాపూర్‌లో నివసించే రోహింగ్యాల విషయంలో ఈ చర్చ కేవలం పండితులది కాదు. భారతదేశం 1951 ఒడంబడికలో చేరలేదు. శరణార్థులకోసం ప్రత్యేక చట్టమూ చేయలేదు. 1946 నాటి విదేశీయుల చట్టంలోనూ, దాని స్థానే 2025లో వచ్చిన చట్టంలోనూ శరణార్థి అన్న తరగతి విడిగా లేదు. 2019 పౌరసత్వ సవరణ చట్టం మూడు పొరుగు దేశాలనుంచి వచ్చిన కొన్ని మతాలవారికి దారి చూపింది. అందులో ముస్లింలు లేరు, బర్మా కూడా లేదు. కనుక ఒకే మనిషి ఒక కాగితంలో శరణార్థి, మరొక కాగితంలో అక్రమ వలసదారు. ఏ కాగితం చెల్లుతుందన్న దానిమీద అతని పిల్లల చదువు, రాత్రి నిద్ర, చివరకు ప్రాణం ఆధారపడి ఉన్నాయి. పేరు పెట్టేవాడి పెత్తనాన్ని గురించి జెట్టర్ రాసింది సైప్రస్ గురించే అయినా, దాన్ని బాలాపూర్‌లో చదివితే మరింత బాగా అర్థమవుతుంది.

తేలేదేమిటి?

శరణార్థి అధ్యయనం నాలుగు దశాబ్దాలలో గొప్ప పని చేసింది. శిబిరాన్ని, సహాయాన్ని, పేరును, చివరకు తననే ప్రశ్నించుకుంది. కాని దాని ప్రశ్నలు ఇప్పటికీ ఎక్కువగా రాజ్యం గీసిన గీతల లోపలే తిరుగుతున్నాయి. రాజ్యం లేనిచోట కూడా శరణు ఉండేదన్న జ్ఞాపకం దానికి తక్కువ. ఆ జ్ఞాపకం ఇస్లామీయ సాహిత్యం దగ్గర పుష్కలంగా ఉంది. కాని అది ఆ జ్ఞాపకాన్ని గర్వకారణంగా దాచుకుంది, గీటురాయిగా వాడలేదు. గతంలో శరణిచ్చిన ఖ్యాతి నేడు తలుపు మూసినవారికి సాకు కాజాలదు. హష్ర్ సూరా 9వ ఆయత్ అన్సార్లను ప్రశంసించింది వారికి మిగులు ఉన్నందుకు కాదు. తామే లేమిలో ఉండి కూడా వచ్చినవారిని ముందు నిలిపినందుకు.

ఈ రంగంలో ఇకముందు కలం పట్టే ముస్లిం విద్యార్థులు చేయవలసిన పని రెండు వైపులా ఉంది. పాశ్చాత్య శాస్త్రం దగ్గర పద్ధతి నేర్చుకోవాలి: క్షేత్రానికి వెళ్లడం, లెక్క సరిచూడడం, చెప్పినవాడికి కీడు కలగకుండా రాయడం. తమ సంప్రదాయం దగ్గర ప్రశ్న నేర్చుకోవాలి: శరణు కోరినవాడు ఏమన్నాడు, శరణిచ్చినవాడి మాట నిలిచిందా, కదలలేనివాడి సంగతి ఏమైంది? ఈ మూడు ప్రశ్నలను జెనీవా, రియాద్, ఇస్లామాబాద్, ఢిల్లీ ప్రభుత్వాలకూ సంస్థలకూ ఒకేలా వేయగలిగినప్పుడే శరణార్థుల శాస్త్రం శరణు ధర్మానికి దగ్గరవుతుంది.